సూదిదారం వేరు కాపురం

చిరంజీవి బుజ్జిపండును పిన్ని దీవించి రాస్తున్నది ఏమనగా,

నేను బాగానే ఉన్నాను, కొట్టే బాగాలేదు. నువ్వు ఫోను ఎత్తవు. మీ అమ్మ చేసినా ఎత్తవట. మెయిల్ మాత్రం చూస్తాడే అని ఆవిడే చెప్పింది. అందుకని కుట్టుమిషన్ను పక్కకు జరిపి, కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని నొక్కుతున్నాను. తప్పులుంటే సర్దుకో.

నువ్వు తయారుచేసిన సూదిదారం ప్రోగ్రాం గురించే ఈ ఉత్తరం. మా పెద్ద కట్టరుకు కంటి ఆపరేషన్ అయ్యాక గీత గీయలేకపోతున్నాడని నువ్వే వచ్చి కొట్లో కంప్యూటరు పెట్టావు. దాంట్లో లినక్స్ ఎక్కించి, కొలతలు కొడితే పేపర్ కటింగ్ అదే గీసి ప్రింటు తీసేట్టు చేసి వెళ్లావు. అప్పటినుంచీ కొట్టు దాని మీదే నడుస్తోంది. పోయిన వారం తెర మీద ‘కొత్తది వచ్చింది, వేసుకుంటారా’ అని అడిగింది. కొత్తది ఇస్తానంటే ఎవరు వద్దంటారు, వేసుకున్నాను. ఇక అక్కడినుంచి చొక్కా చేతులు చంకకు సరిపోవడం లేదు. ఒళ్లు సరిగ్గా వస్తోంది, కాలరు సరిగ్గా వస్తోంది, చెయ్యి దగ్గరికి వచ్చేసరికి పట్టేస్తోంది.

ఆసుపత్రి వాళ్లు వార్డు సిబ్బంది అందరి యూనిఫాంలూ మనకే ఇచ్చారు. మచ్చుకు ఒక చొక్కా కుట్టి పంపితే వాళ్ల స్టోర్‌కీపరు తొడుక్కుని, బాగుందని చెయ్యెత్తి చెప్పబోయాడు. చంకలో చిరిగింది. మా వాళ్లు మనుషుల్ని మంచం మీదినుంచి ఎత్తాలమ్మా, ముందు వాళ్ల చెయ్యి లేవాలి కదా అన్నాడు. ఇంకో మచ్చు నెలాఖరులోగా చూపించమన్నాడు. అదీ చిరిగితే పని రెడీమేడ్ కంపెనీకి పోతుంది. అది పోతే నేను కొట్టు మూసుకోవాల్సిందే. ఇన్నేళ్లు నన్ను నమ్ముకున్న ఇద్దరు కట్టర్లకు ఏం చెప్పను?

ఆ చేతులొకటి బాగుచేసి పంపు నాన్నా.

నీ మంచి కోరే,
పిన్ని

తా.క.: లినక్సూ ఉచితమే, సూదిదారమూ ఉచితమే అన్నావు. ఉచితం కదా అని చేతుల దగ్గర బట్ట తగ్గించారేమో కనుక్కో.

---

పిన్నికి నమస్కారాలు.

ఉత్తరం చదివాను. చేతుల సంగతి నిజమే. ఇంకా చాలామంది రాశారు. అందరికీ జవాబివ్వాలి. ఇస్తాను. ఎప్పుడో ఇస్తాను.

నీకో విన్నపం. నన్ను విడిగా అడగొద్దు. సూదిదారానికి ఒక ఫోరం ఉంది, అందులో అందరి ముందూ అడుగు. నువ్వు పరాయిదానివని కాదు పిన్నీ, అక్కడి పద్ధతి అది. విడిగా అడిగితే జవాబు నీ ఒక్కదానికే చేరుతుంది. అక్కడ అడిగితే అదే ఇబ్బంది పడుతున్న వాళ్లందరూ చూస్తారు. నాకు తెలిసింది ఇంకొకరికీ తెలియొచ్చు, వాళ్లు చెబుతారు. నేను పొద్దునంతా ఆఫీసులో ఒకరి ప్రోగ్రాం బాగుచేసి, ఇంటికొచ్చి నా ప్రోగ్రాం బాగుచేసుకోవాలి. కూర్చుంటే ముందు కనబడేది ఉత్తరాల గుట్ట. దాన్ని చూసి లేచి పళ్లు తోముకుని పడుకుంటున్నాను.

ఫోరంలో వివరంగా రాయి. వివరం ఎంత ఉంటే అంత తొందరగా పని అవుతుంది.

ఇట్లు,
అలిసిపోయిన నీ అక్క కొడుకు

తా.క.: ఫోను ఎత్తకపోవడానికి కారణమేమీ లేదు. మోగుతుంటే చూస్తూనే ఉంటాను. చెయ్యి అటు వెళ్లదు.

---

బుజ్జిపండుకు పిన్ని ప్రేమతో,

నువ్వు చెప్పినట్టే ఫోరంలో అడిగాను. ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్యకు వెళ్లి ఉన్నపళాన చేతుల సంగతి అడిగితే ఎవరు పలుకుతారు? ముందు మనమెవరో చెప్పుకోవాలి కదా. నేను ఈ ప్రోగ్రాం చేసిన అబ్బాయికి స్వయానా పిన్నినని, వాణ్ని ఇంట్లో బుజ్జిపండు అంటామని రాశాను. ఏడో తరగతిలో ఊడిన గుండీ తనే కుట్టుకుంటానని పట్టుబట్టి, తొడుక్కున్న చొక్కాను నిక్కరుకు కలిపి కుట్టేసి అలాగే బడికి వెళ్లాడని, అలాంటి పిల్లవాడు ఇవాళ ఇంతవాడయ్యాడంటే మీ అందరి చలవేనని రాశాను. ఆ తర్వాతే చేతుల సంగతి.

ఇక చూడు. వచ్చిన జవాబులు చదవడానికి ఒక పూట పట్టింది. మొదటాయన, నా దగ్గర చేతులు బాగానే వస్తున్నాయే అన్నాడు. సంతోషం అన్నాను. రెండో ఆయన, మీరు వాడే లినక్స్ రకం మార్చండి, ఆ రకం మంచిది కాదు అన్నాడు. ఆ రకానికేం తక్కువ అని మూడో ఆయన లేచాడు. శాంతమూర్తి అని ఒకాయన ఉన్నాడే, ఆయన ఇద్దరినీ తిట్టాడు. అక్కడినుంచి ఏ రకం గొప్పదని ఒకళ్లనొకళ్లు పీక్కుతిన్నారు, నా చొక్కా చేతుల్ని పట్టించుకున్నవాడు లేడు. చివరికి కాపలా అనే పెద్దమనిషి వచ్చి, ఇది ఇంతకుముందే ఎవరో అడిగారు, వెతక్కుండా అడగడం మర్యాద కాదు అని తలుపు మూసేశాడు. నా కొట్లో ఒక్కో మనిషి ఒకే ప్రశ్న పదిసార్లు అడుగుతాడు, నేను ఎవర్నీ బయటికి నెట్టలేదు.

ఒక్క గుడ్లగూబ మాత్రం (అక్కడ అందరూ పెట్టుకునేది ఇలాంటి పేర్లే) మనిషిలా మాట్లాడింది. కంగారు పడకండి, మందు ఉంది అంది.

నీ
పిన్ని

తా.క.: నిక్కరు సంగతి అందరికీ బాగా నచ్చింది. దానికి మాత్రం తగాదా పడలేదు.

---

పిన్నికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా పోయింది, పెట్టాననుకో.

వివరంగా అంటే నీ కంప్యూటరు వివరాలు రాయమని పిన్నీ, నావి కాదు. ఇన్నేళ్లుగా వాళ్లు నన్ను ‘సార్’ అనేవాళ్లు. ఇప్పుడు బుజ్జిపండు గారూ అంటున్నారు, ఆ ‘గారు’ ఇంకా బాధగా ఉంది. నిన్న ఒకాయన కొత్తగా ఒక ఫిర్యాదు నమోదు చేశాడు: ‘చొక్కా నిక్కరుకు అతుక్కుపోతోంది, అత్యవసరం.’ దానికి ఎంతోమంది మాకూ అంతే, మాకూ అంతే అని రాశారు. తీసేయమని అడగబోకు. అక్కడ పెట్టింది ఎక్కడెక్కడికో నకళ్లు వెళ్లిపోతుంది. నేను పోయాక కూడా ఆ నిక్కరు ఉంటుంది.

వాళ్ల మీద కోపం పెట్టుకోకు. వాళ్లెవరికీ జీతం లేదు. తమ పనులు చేసుకుంటూ, మిగిలిన కాస్త సమయం ఇక్కడ పెడుతున్నారు. అలిసిపోయిన మనిషి మాట కాస్త కరుకుగానే వస్తుంది, నన్ను చూడు.

గుడ్లగూబ చెప్పిన మందు నాకు తెలుసు. కొత్తది బయటికి వచ్చిన మర్నాడే చేతుల లెక్క దిద్ది నాకు పంపింది. నేనింకా దాన్ని చూడలేదు. చూడకుండా కలిపితే ఇంకోచోట పిగులుతుంది, అప్పుడు ఆ తిట్లూ నాకే. చూడ్డం లేదని గుడ్లగూబా, ఇంకొందరూ అలిగారు. ఇలాగే ఉంటే సూదిదారం నుంచి వేరు పడతాం అంటున్నారు. అననీ.

నీ చేతుల సంగతి మర్చిపోలేదు.

ఇట్లు,
సార్ అనిపించుకున్న రోజులు గుర్తున్న నీ అక్క కొడుకు

తా.క.: ఆ ఫిర్యాదుకు ఎవరో పరిష్కారం కూడా పంపారు. చూశాను. కోడు చాలా శుభ్రంగా రాశారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

---

చిరంజీవికి పిన్ని ఆందోళనతో రాస్తున్నది,

జీతం లేదా? ఒక్కరికీ లేదా? ముందే చెప్పొద్దూ. నేను వాళ్లను నీ దగ్గర పనిచేసే గుమాస్తాలనుకుని, వీళ్లను అదుపులో పెట్టుకోవడం రాదేమిటి వీడికి అని మనసులో నిన్ను తిట్టుకున్నాను.

తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉట్టి చేతుల్తో పనిచేసేవాళ్లకు మనం చేయగలిగింది మనం చేయాలి. మన చేతిలో ఉన్నది కుట్టుపని. అందుకని ఫోరంలో మళ్లీ రాశాను. మీ అందరికీ తలా ఒక చొక్కా కుట్టి పంపుతాను, ఛాతీ, భుజం, నడుం, మెడ కొలతలు, ఇంటి అడ్రసు, ఇంట్లో ఎప్పుడుంటారో రాయండి, ఆడవాళ్లు మొహమాటపడొద్దు అని. కాపలా ఆ రాతను తీసేసి నన్ను బ్లాక్ చేశాడు. జనం ఒంటి వివరాలు, ఇంటి వివరాలు పోగుచేసే మోసగత్తెనట. ఇలాంటి వాళ్లు ఇలాగే పిన్నినని, అత్తనని చెప్పుకుని వస్తారని శాంతమూర్తి రాశాడు. ఇన్నేళ్లుగా టేపు పట్టుకుని ఎంతమంది కొలతలు తీశానో, ఒక్కరూ నన్ను ఇంత మాట అనలేదు. ఏడ్చాను కూడా. పెద్ద కట్టరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

నా సంగతి పక్కన పెట్టు. నన్ను తొలిచేస్తున్నది వేరు పడటం మాట. ఒక ఇంట్లో వేరు కాపురం మాట పుట్టిందంటే మధ్యలో పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడకపోతే ఆగదు. గుడ్లగూబకు మెయిల్ రాసి బతిమాలాను. కలిసి ఉండమ్మా, వాడు చెడ్డవాడు కాడు, అలిసిపోయాడు అంతే అన్నాను. ఆవిడ మంచిగానే జవాబిచ్చింది. అవును, ఆవిడే. రిటైరైన లెక్కల టీచరమ్మ. నడుం నొప్పి వల్ల పడుకుని టైపు చేస్తుంది. ఇంతకీ వేరు పడితే ఎవరికేం వస్తుంది? ప్రోగ్రాం నీకా, వాళ్లకా? ఫోరం ఎవరి వాటాకు పోతుంది? నీ కష్టార్జితం మీద వాళ్లు సగం అడుగుతుంటే నోరు మూసుకు కూర్చున్నావా?

నెలాఖరు దగ్గరపడుతోంది. రెండో మచ్చు ఇంకా కత్తిరించలేదు. కత్తెర చేతిలోకి తీసుకుంటున్నాను, పెట్టేస్తున్నాను.

నీ
పిన్ని (మోసగత్తె)

తా.క.: తీసేసేలోపు ఏడుగురు కొలతలు పంపారు. శాంతమూర్తి కూడా. ముందు కొలతలు పంపి తర్వాత తిట్టాడు. మెడ చాలా సన్నం.

---

పిన్నికి నమస్కారాలు, క్షమాపణలు కూడా.

కాపలాతో మాట్లాడాను. నువ్వు నిజంగా పిన్నివేనని రుజువేమిటన్నాడు. నిక్కరు నిజమేనని ఒప్పుకున్నాను. బ్లాక్ తీసేశాడు.

రాయబారాలు ఆపు పిన్నీ. నువ్వనుకునే వేరు కాపురం కాదది. ఇక్కడ వాటాలుండవు. సూదిదారం మొదలుపెట్టినప్పుడే నేను రాసిపెట్టాను, ఇది ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు అని. వాళ్లు వెళ్లిపోతే సగం తీసుకుపోరు, మొత్తం తీసుకుపోతారు. నా దగ్గరా మొత్తం ఉంటుంది. ఎవరికీ దారం ముక్క కూడా తగ్గదు. నా అనుమతి కూడా అడగక్కర్లేదు, ఎప్పుడో ఇచ్చేశాను.

అయినా ఎవరూ తీసుకుపోరు. బెదిరిస్తారు, అలుగుతారు, మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు. ఎందుకంటే తీసుకుపోతే ఆ ఉత్తరాలన్నీ వాళ్లకు వస్తాయి, అది వాళ్లకూ తెలుసు. ఎవరైనా వచ్చి ఈ మొత్తాన్ని ఎత్తుకుపోతే వాళ్లకు రెండు చేతులా దణ్ణం పెడతాను. నిజంగా చెబుతున్నాను. నాకు కుట్టుపని మీద ప్రేమ పోయింది. చొక్కా వేసుకోవాలన్నా విసుగ్గా ఉంది.

ఈ ఆదివారం గుడ్లగూబ దిద్దింది చూస్తాను. నీ కోసం తప్పకుండా చూస్తాను.

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క.: పోయిన ఆదివారం కూడా ఇదే అనుకున్నాను. నీకు చెప్పలేదు గాని.

---

నాన్నా బుజ్జిపండూ,

పిన్ని ముద్దులు. నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకున్నాను, చివరిసారి పెద్ద కట్టరుకు గట్టిగా చదివి వినిపించాను. వేరు పడితే ఇద్దరికీ మొత్తం ఇల్లు వస్తుందా? ఇలాంటి పంపకం నేనెక్కడా చూడలేదు. మా తోడికోడలు ఒక ఇస్త్రీపెట్టె కోసం ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఇంత మంచి పద్ధతి ఉంచుకుని ఎవరూ కదలకుండా కూర్చున్నారంటే ఏమనాలి.

అందుకని కదిలాం.

ఆదివారం దాకా ఆగుదామనే అనుకున్నాను. ఆదివారం సాయంత్రం అయింది, నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. నాకు కోపం రాలేదు నాన్నా, దిగులేసింది. నువ్వు తిట్టినా బాగుండేది. గుడ్లగూబకు రాశాను. అమ్మా, కలిసి ఉండమన్నది నేనే, ఇప్పుడు వేరు పడదామంటున్నదీ నేనే, ఎలా పడతారో చూపించు అన్నాను. ఆవిడ పడుకున్న చోటునుంచే అరగంటలో వేరు పడిపోయింది. ఇంత సులువా అన్నాను. పడటం సులువే, తర్వాతే కష్టం అంది.

తర్వాత కష్టమే. పేరు పెట్టడానికే తగాదా. శాంతమూర్తి ఏ పేరూ ఒప్పుకోలేదు, తను చెప్పిన పేరు కూడా. చివరికి ‘పిన్ని సూదిదారం’ అని నేనే పెట్టేశాను, ఇక మాట్లాడితే చొక్కాలు ఇవ్వనన్నాను. ఉత్తరాలన్నీ ఒక్కరి నెత్తిన పడకుండా వంతులు వేశాం. మా కొట్లో మిషన్ల దగ్గర ఎలా మారతామో అలాగే, ఒకరు లేస్తే ఒకరు కూర్చుంటారు. కాపలా కూడా వచ్చేశాడు. ఒంటరిగా తలుపు దగ్గర నిలబడి అలిసిపోయానన్నాడు పాపం. శాంతమూర్తికి తప్పులు వెతికే పని ఇచ్చాం. ఎలాగూ వెతుకుతాడు.

గుడ్లగూబ దిద్దిన చేతుల లెక్కను అందులో కలిపారు, దాంతో రెండో మచ్చు కుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్టోర్‌కీపరు తొడుక్కుని ఒక చెయ్యి ఎత్తాడు, రెండో చెయ్యి ఎత్తాడు, పక్కనున్న వార్డు మనిషిని పట్టుకుని ఎత్తేశాడు. చిరగలేదు. పని మనకే ఖాయమైంది. వస్తూ వస్తూ మెట్ల మీద కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాను.

నువ్వు దణ్ణం పెడతానన్నావు. పెట్టక్కర్లేదు. పడుకో.

నీ
పిన్ని

తా.క.: మా ఫోరంలో మొదటి నియమం, కొత్తగా వచ్చినవాళ్లు తామెవరి తాలూకో చెప్పుకోవాలి. చాలామంది ముచ్చటగా రాస్తున్నారు. ఒకాయన ఏకంగా తన పెళ్లిచూపుల సంగతి రాశాడు.

---

పిన్నికి,

పని నిలబడినందుకు సంతోషం. ఇది మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

మిగతాది కూడా మనస్ఫూర్తిగానే రాస్తాను. నీ ఉత్తరం రాగానే హమ్మయ్య అనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి మెయిల్ తెరిచాను. ఒక్కటి లేదు. మర్నాడూ లేదు. ఎవరికీ చేతులు బిగుసుకోలేదు, ఎవరికీ ప్రింటు చెడిపోలేదు, ఎవరూ నన్ను తిట్టలేదు. కోరుకున్నది ఇదే కదా అనుకుంటూ ఆ ఖాళీ తెర ముందు కూర్చున్నాను. కూర్చుని కూర్చుని ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లు నా గడపలో కాళ్లు తొక్కుకున్న జనం ఒక్కసారిగా పక్కింటికి వెళ్లిపోయారు, వెళ్తూ ఒక్కరూ వెనక్కి చూడలేదు. నా అవసరం ఇంతేనా అనిపించింది.

ఎత్తుకుపొమ్మన్నది నేనే. ఎత్తుకుపోయింది నువ్వు అనేదే తట్టుకోలేకపోతున్నాను.

నాకు మీ మీద కోపం లేదు. ఇక సూదిదారం వైపు చూడను. చూడాల్సిన పని కూడా లేదు.

ఇట్లు,
ఖాళీగా ఉన్న నీ అక్క కొడుకు

తా.క.: ఊరికే అంటున్నాను, మీరు చేతులు దిద్దిన లెక్క వల్ల చిన్న సైజుల్లో కాలరు కాస్త పక్కకు లాగుతుంది. నేను చూడలేదు. ఎవరో అన్నారు.

---

నా బంగారు బుజ్జిపండుకు,

పిన్ని దగ్గరికి తీసుకుని రాస్తున్నది. ఏడుపు వస్తే ఏడువు, తప్పులేదు. నీ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను.

ఎవరూ వెనక్కి చూడలేదనుకున్నావు. చూడకుండా ఉంటారా. వేరు పడిన రోజే మేమందరం కూర్చుని మాట్లాడుకున్న మొదటి విషయం నీదే. శాంతమూర్తి ఏమన్నాడో తెలుసా, ఆయన రాసింది రాసినట్టు రాస్తున్నాను: ‘పదేళ్లుగా నేను అడిగిన ప్రతి అడ్డమైన ప్రశ్నకూ ఈ మనిషి జవాబిచ్చాడు, నేను ఒక్కసారి కూడా ధన్యవాదాలు చెప్పలేదు.’ ఆ తర్వాత రోజంతా ఆయన ఒక్కర్నీ తిట్టలేదు. అందరికీ భయమేసింది.

నీ అవసరం లేక కాదు నాన్నా. నువ్వు కనబడితే వీళ్లు అడగడం మానరు, అడిగితే నువ్వు చేయడం మానవు. చేయలేక, చేయలేనని చెప్పలేక, ఫోనుకేసి చూస్తూ కూర్చుంటావు. మీ అమ్మ నిన్ను నాకు అప్పగించింది చొక్కా చేతుల కోసం కాదు. అందుకే అందరం చేతులెత్తి ఒక తీర్మానం చేశాం. గుడ్లగూబ ఒక్కతే పడుకుని చెయ్యెత్తింది. కొత్త ఇంట్లో మా మొదటి పని ఇది: ఎండాకాలం వెళ్లేదాకా నిన్ను బ్లాక్ చేశాం. బటన్ నొక్కింది నేనే. ఎలా నొక్కాలో కాపలా చూపించాడు.

నిన్న ‘కొత్త సభ్యుడు’ అనే పేరుతో ఒకాయన వచ్చి, తాను ఎవరి తాలూకో చెప్పకుండా, చిన్న సైజుల కాలరు గురించి ఏకబిగిన రెండు పేజీలు రాశాడు. అంత ప్రేమగా కాలరు గురించి రాసేవాళ్లు ఈ లోకంలో ఇద్దరు లేరు. కుట్టుపని మీద ప్రేమ పోయిందన్నావు, పోలేదు. దానికి నిద్ర కావాలి, అంతే. కొత్త సభ్యుణ్ని కూడా బ్లాక్ చేశాం.

వేళకు తిను. అమ్మ దగ్గరికి వెళ్లు. వానలు మొదలయ్యాక రా, నీ వంతు నీకుంది, వారానికి ఒక్క సాయంత్రం. అంతకంటే ఎక్కువ చేస్తానంటే ఒప్పుకోం.

నిన్ను ఎత్తుకు పెంచిన,
పిన్ని

తా.క.: ఈ ఉత్తరం పూర్తిచేసేలోపే ‘కొత్త సభ్యుడి స్నేహితుడు’ అని ఇంకొకరు వచ్చి కాలరు దిద్దిన లెక్క పెట్టారు. గుడ్లగూబ చూసింది, శాంతమూర్తి తప్పు వెతికి దొరక్క డీలాపడ్డాడు. చాలా బాగుంది, కలిపేసుకున్నాం. మనిషిని మాత్రం బ్లాక్ చేశాం.